బూడిద కుప్ప మీదికి వెళ్లిన అతిథి

మా కాలేజీలో అప్పటిదాకా విదేశీ మార్పిడి గ్రాంటుకు దరఖాస్తు పెట్టినవాళ్లు లేరు. కోదాడలో హైవే పక్కన ఉన్న ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ మాది. నేను సివిల్ విభాగంలో పాఠాలు చెబుతాను. ఉండేది సూర్యాపేటలో. పొద్దున కాలేజీ బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి ఇల్లు చేరుతాను. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్ల కింద ఊక కాలగా మిగిలే బూడిదను సిమెంటులో కొంత వంతు కలిపి, ఆ కాంక్రీటు ఎంత బరువు మోస్తుందో చూడటం నా పరిశోధన. దాని మీద నేను రాసిన వ్యాసం ఒకటి చదివి, ఉత్తరాన ఎక్కడో చలిదేశపు విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసర్ మెయిల్ రాసింది. ఆమెదీ బూడిదల పనే. వాళ్ల దగ్గర ఊక ఉండదు, కట్టె పొట్టు కాలుస్తారు. ఇద్దరం కలిసి గ్రాంటుకు పెడదామా అని అడిగింది. ముందు ఆమె ఇక్కడికి వచ్చి ఐదు వారాలు ఉండాలి. మరుసటి చలికాలం నేను అక్కడికి వెళ్లి మూడు నెలలు ఉండాలి.

సరే అని జవాబు రాశాను. మనకెక్కడ వస్తుందిలే అన్న ధైర్యంతో రాశాను.

వచ్చింది. స్టాఫ్ రూములో ఆ మెయిల్ చదివి, బెల్లు కొట్టినా లేవకుండా కూర్చుండిపోయాను. భయం నాకు కొత్త కాదు. పెద్దవూర దగ్గరి పల్లెలో నాటుకూ కోతకూ వెళ్లే ఇంట్లో పుట్టినదాన్ని. హాస్టలైనా, యూనివర్సిటీ అయినా మొదటి రోజు భయపడకుండా గడప దాటింది లేదు. కానీ ఆ భయాలన్నీ నా గురించే. ఇప్పుడు ఇంకొక మనిషి నా మాట పట్టుకుని ఇంత దూరం వస్తోంది. ఆమె ఏ నీళ్లు తాగుతుంది, హైవే ఎట్లా దాటుతుంది, జ్వరమొస్తే ఏ దవాఖానకు తీసుకుపోవాలి. రోజుకొక భయం పుట్టేది.

ప్రిన్సిపాల్ గారు పిలిపించి అభినందించారు. ఆయనది సరిహద్దు దాటాక ఆంధ్రా వైపు ఊరు, మాటలో ఆ యాస ఉంటుంది. "మంచిదే మేడమ్, కాలేజీకి పేరొస్తది. కాకపోతే ఆవిడ ఉన్నన్నాళ్లూ పూచీ మీదే. ఏదన్నా తేడా వచ్చిందనుకోండి, ఆ పేరే పోద్ది" అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనతో చెప్పాను. ఆయన సర్కారు బడిలో టీచరు. దేనికీ తొందరపడడు. "ఆమె కూడ మనసొంటి మనిషే గద. అన్నం తింటది, పంటది. నువ్వు గిట్ల పరేషానయితే ఆమె ఏమనుకుంటది?" అన్నాడు.

"ఏమన్న అయితే?"

"ఏమైతది? నేను లేనా?"

డిసెంబరులో ఆమె వచ్చింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మా గుమ్మానికి తల తగిలేంత పొడుగు, మగవాళ్లు వేసుకునే మాదిరి బూట్లు. పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పింది. నా నోటికి రాలేదు. మేడమ్ అనే పిలిచాను. నన్ను ఆమె పేరుతోనే పిలిచేది, రెండో అక్షరం దగ్గర ప్రతిసారీ కొంచెం తడబడుతూ.

కాలేజీ గెస్ట్ హౌసులో దించాము. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. నాకు మాత్రం తిండి సహించలేదు. ఆమె ఇడ్లీ తుంచుతుంటే ఆమె ముఖమే చూసేదాన్ని. పొద్దున ఆమె తలుపు తట్టి, లోపల అడుగుల చప్పుడు వినిపించాకే ఊపిరి తీసుకునేదాన్ని. ఒకరోజు ల్యాబులో కాంక్రీటు దిమ్మలు పగలగొడుతున్నాం. ఆమె యంత్రం ఆపి, "నువ్వు నన్ను గాజు సామాను లాగా చూస్తున్నావు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను, కానీ భయం పోలేదు.

మూడో వారంలో బూడిద తీసుకోవడానికి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు వెళ్లాం. ఆ మిల్లుకు నేను చాలాసార్లు వెళ్లాను. ఉప్పుడు బియ్యం వాసన గేటు బయటి నుంచే తగులుతుంది. వెనక ఖాళీ జాగాలో బూడిద కుప్పలు ఉంటాయి. ట్రాక్టరు తెచ్చి పోస్తుంటారు, గాలికి లేవకుండా నీళ్లు చల్లుతుంటారు. దూరం నుంచి చూస్తే నల్లగా, అక్కడక్కడ తెల్లగా, దున్ని వదిలేసిన మెట్ట చెలకలా ఉంటుంది.

సూపర్‌వైజర్ మాతో వచ్చి, ఎడమ వైపు కుప్ప దూరం నుంచే చూపించి, కుడి వైపు దాని దగ్గర ఆగాడు. "గది కొత్తది మేడమ్, దగ్గరికి పోకుండ్రి. గిది పాతది. నెల దాటింది పోసి. మొత్తం సల్లారింది. గీడ తీసుకోండ్రి."

అతను చెప్పింది ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. నేను ఒంగి పాత కుప్ప అంచు నుంచి ఒక డబ్బా నింపాను. బూడిద చల్లగానే ఉంది. ఆమె ఇంకొంచెం లోపలి నుంచి కావాలని, తన డబ్బా పట్టుకుని కుప్ప మీదికి నాలుగడుగులు వేసింది. పైన నీళ్లకు గడ్డకట్టిన పెంకు గట్టిగానే కనిపించింది. నేను డబ్బా మూత బిగిస్తున్నాను.

చప్పుడేమీ పెద్దగా రాలేదు. అప్పడం విరిగినట్టు అయింది. తల ఎత్తేసరికి ఆమె ఎత్తు తగ్గిపోయి ఉంది. కుడికాలు మోకాలి దాకా బూడిదలో దిగిపోయింది. చుట్టూ తెల్లటి దుమ్ము లేచింది, ఆ దుమ్ము లోపల ఎర్రగా కనిపించింది. అప్పుడు ఆమె అరిచింది.

ఆ అరుపు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. నేను ముందుకు పరిగెత్తబోతే సూపర్‌వైజర్ నా భుజం పట్టి వెనక్కు గుంజాడు. "నువ్వు గూడ పోతవ్ మేడమ్, ఆగు." ఇద్దరు హమాలీలు లారీలోకి బస్తాలెక్కించే చెక్కపలక తెచ్చి ఆమె పక్కన పరిచారు. ఒకతను దాని మీద పడుకుని ఆమె చంకల కింద చేతులు వేసి లాగాడు. నేనూ రెండో హమాలీ అతని కాళ్లు పట్టుకుని లాగాం. ఆమె బయటికి వచ్చింది. కాలి నుంచి పొగ వస్తోంది. బూటు నిండా నిప్పుల బూడిద ఉంది.

బూటు తీయకపోతే లోపల కాలుతూనే ఉంటుంది. ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు, ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. తాళ్లు ముడిపడిపోయాయి. రెండు చేతులతో మడమ దగ్గర పట్టి బూటు ఊడలాగాను. నా అరచేతులు కాలిన సంగతి చాలాసేపటి దాకా నాకు తెలియలేదు.

నీళ్ల తొట్టి దగ్గర ఆమెను కూర్చోబెట్టి కాలి మీద పైపు వదిలాం. ఎవరో పేస్టు పూయమన్నారు, ఇంకెవరో పెరుగు తెస్తామన్నారు. వద్దు, నీళ్లు ఒక్కటే ఆపకండి అని అరుస్తూనే ఉన్నాను. అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోశాం. ఆమె అరవడం మానేసింది. పెదవులు తెల్లబడి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అరుపు కంటే ఆ నిశ్శబ్దం నన్ను ఎక్కువ భయపెట్టింది.

మిర్యాలగూడలో మొదట చూసిన డాక్టరు ఆమె కాలికీ నా అరచేతులకూ కట్టు కట్టి, ఆమెకు నొప్పికి సూది వేసి, "నీళ్లు పోసి మంచి పని చేసిండ్రు. కానీ ఇది మా దగ్గర అయ్యేది కాదు. సూర్యాపేటల కాలిన గాయాలు చూసే సర్జన్ ఉన్నడు, ఇప్పుడే పోండ్రి" అన్నాడు.

అంబులెన్సులో ఆమె కళ్లు మూసుకుని తన భాషలో ఏదో అంటూ ఉంది. ఒకదాని తర్వాత ఒకటి, ఆగకుండా, ఒకే స్వరంలో. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. మతి తప్పిందనుకున్నాను. చేతులకు కట్లు ఉన్నాయి కాబట్టి ఆమె చెయ్యి పట్టుకోలేకపోయాను. మోచేతితో ఆమె భుజాన్ని ఆనించి కూర్చుని, చిన్నప్పుడు మా చర్చిలో నేర్చుకున్న ప్రార్థన నాలో నేను చెప్పుకుంటూ ఉన్నాను. మధ్యలో మాటలు మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. ఆమె అన్న ఆ మాటలేమిటని వారం తర్వాత అడిగితే చెప్పింది. చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి వెళ్లే రైలు ఆగే స్టేషన్ల పేర్లట. వరసగా చెప్పుకుంటూ ఉంటే స్పృహ తప్పకుండా ఉంటానని అనుకుందట.

సూర్యాపేటలో సర్జన్ కట్టు విప్పి చూస్తుంటే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పిక్క, మడమ పైభాగం లోతుగా కాలాయి. పాదం, వేళ్లు దక్కాయి. "బూటే కాపాడింది, బూటే కాల్చింది" అన్నాడాయన. చర్మం అతికించాల్సి రావచ్చన్నాడు. చీము పట్టకుంటే గండం గడిచినట్టేనన్నాడు.

మా ఆయన బడి నుంచి నేరుగా దవాఖానకు వచ్చాడు. నా చేతుల కట్లు చూశాడు. సీసా మూత తీసి, నీళ్లు నా నోటికి అందించాడు. అప్పుడు ఏడ్చాను.

సాయంత్రం ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల గ్రాంటు ఆఫీసు అతనికి కబురు చేసింది. ఆమె మందు మత్తులో ఉంది కాబట్టి ఫోన్ నేనే ఎత్తాను. నాకు అర్థం కావాలని మాటకూ మాటకూ మధ్య ఆగుతూ ఇంగ్లీషులో అడిగాడు.

"అక్కడ మా అక్క బాధ్యత ఎవరిది?"

"నాది" అన్నాను.

అతను తిడితే బాగుండేది. "పెట్టేయకండి, ఆమె ఊపిరి తీసుకుంటున్న చప్పుడు కాస్త వినిపించండి" అన్నాడు. ఫోన్ ఆమె దిండు పక్కన పెట్టి, నేను వరండాలో నిలబడ్డాను.

మరునాడు ప్రిన్సిపాల్ గారు యాపిల్ పండ్లతో వచ్చారు. మంచం దగ్గర రెండు మాటలు మాట్లాడి నన్ను పక్కకు పిలిచారు. ముఖం పాలిపోయి ఉంది. "రాయబార కార్యాలయం వాళ్లు ఫోన్ చేశారు మేడమ్. మేనేజ్‌మెంటు వాళ్లూ చేశారు. నాకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఆవిడకి నయమవుద్దా?" అన్నారు. అంతకుముందు ఆయన అన్న పూచీ మాట గుర్తొచ్చి ఆయనంటే భయపడుతూ ఉన్నాను. దగ్గర నుంచి చూస్తే ఆయన చొక్కా గుండీలు వరస తప్పి ఉన్నాయి. "అవుతుంది సార్" అన్నాను. నాకేమీ తెలియదు. అయినా అన్నాను.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. సర్జన్ ముఖంలో అప్పటిదాకా ఉన్న తేలిక పోయింది. మందు మార్చాడు. "రెండు రోజులు సూద్దాం. తగ్గకుంటే హైదరాబాద్ పంపుదాం" అన్నాడు. ఆమె ఇన్సూరెన్సు వాళ్లు విమానంలో తీసుకుపోతామని ఫోన్లు చేస్తున్నారు. జ్వరం తగ్గనిదే కదిలించవద్దని ఇక్కడ అంటున్నారు. ఆ రెండు రోజులూ నేను దవాఖాన వదిలి వెళ్లలేదు. బుగ్గలు ఎర్రబడి, కళ్లు లోపలికి పోయి, ఆమె ఎవరో వేరే మనిషిలా కనిపించేది. ఆమె చచ్చిపోతే నేను ఎట్లా బతకాలి అన్నదొక్కటే నా తలలో తిరిగింది. ఆ ఆలోచన నాదేనని ఇప్పుడు రాయడానికీ కష్టంగా ఉంది. ఆమె కోసం ఎంత భయపడ్డానో నా కోసమూ అంతే భయపడ్డాను. ఆ రెండూ విడదీయడం నాకు చేతకాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె కళ్లు తెరిచి నీళ్లడిగింది. తాగాక, నా చేతుల కట్లు కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"భయమేసిందా మీకు?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"చాలా. ఇంకా ఉంది. మెలకువ వచ్చేసరికి నువ్వు ఇక్కడ ఉండవేమోనని."

"నేనెక్కడికి పోతాను?"

"అందుకే ఉండమని నిన్ను అడగలేదు" అని మళ్లీ కళ్లు మూసుకుంది.

సాయంత్రానికి చెమట పట్టి జ్వరం దిగింది. నర్సు వచ్చి ఒంటి మీద చెయ్యి వేసి చూసి, "ఇగ ఏం కాదు మేడమ్, మీరు ఇంటికి పోయి అన్నం తినుండ్రి" అంది. నేను మెట్లు దిగి, బస్టాండు వైపు వెళ్లే రోడ్డు మీద నిలబడి, అటూ ఇటూ పోతున్న ఆటోలను చూస్తూ ఉండిపోయాను. ఏ వైపు వెళ్తే మా ఇల్లు వస్తుందో ఒక క్షణం తోచలేదు.

చర్మం అతికించాక ఆమెను వెనక్కు పంపేయాలని అందరూ అనుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు. "చూడటానికి వచ్చింది ఇంకా చూడలేదు. విమానంలో కాలు కిందికి వేలాడేసుకుని కూర్చునే కంటే ఇక్కడ పైకి పెట్టుకుని పడుకుంటాను" అని గ్రాంటు ఆఫీసుకు తనే చెప్పి, ఐదు వారాలను పది వారాలు చేయించుకుంది. గెస్ట్ హౌసులో చూసుకునేవాళ్లు ఉండరు కదా, మా ఇంటికి తీసుకొచ్చాం. కిరాయి ఇల్లు, రెండు గదులు. ఆమెకు మా మంచం చిన్నదైంది. మా ఆయన బడి నుంచి బల్ల ఒకటి అడిగి తెచ్చి మంచం చివర కలిపాడు. పొద్దున బడికి వెళ్లేముందు ఆమెకు చాయ్ ఇచ్చి, తనకు వచ్చిన ఇంగ్లీషులో క్రికెట్ స్కోరు చెప్పేవాడు. ఆమెకు క్రికెట్ తెలియదు. అయినా శ్రద్ధగా వినేది.

కట్టు మార్చే రోజుల్లో మాత్రం మా ఇద్దరికీ పొద్దున నుంచే భయం మొదలయ్యేది. ఆమె దుప్పటి కొస నోట్లో పెట్టుకునేది. నేను గిన్నె పట్టుకుని నర్సు పక్కన నిలబడేదాన్ని. అయిపోయాక ఇద్దరికీ చాయ్ పెట్టేదాన్ని.

అట్లా పడుకుని ఉన్నప్పుడే ఒకరోజు ఆమె అంది. "నెల దాటిన కుప్పలో నిప్పు ఎట్లా ఉంది? మనం ఇన్నేళ్లు బూడిద బలం కొలిచాం. దాని వేడి ఎవరైనా కొలిచారా?" మళ్లీ ఆ కుప్పల దగ్గరికి వెళ్లాలన్నమాట.

చివరి వారంలో ఆమె కర్రల సాయంతో కాలేజీకి వచ్చి, కాలు స్టూలు మీద పెట్టుకుని పాఠం చెప్పింది. ప్రిన్సిపాల్ గారు పాఠం అయ్యేదాకా స్టూలు పక్కనే నిలబడ్డారు, అది ఎక్కడ జరిగిపోతుందోనని. ఆమె వెళ్లాక నేను మిల్లుకు వెళ్లాను. మా వర్క్‌షాపులో చేయించిన పొడుగాటి ఇనుప గొట్టాలలో వేడి కొలిచే తీగలు పెట్టి, పలకల మీద నిలబడి కుప్పలలోకి దించాం. సూపర్‌వైజర్ నా పక్కనే ఉండి, "జర పైలం మేడమ్" అని అడుగడుగుకూ అంటూనే ఉన్నాడు. అతనికీ ఆ రోజు తర్వాత ధైర్యం చెదిరింది. పైన అరచేయి పెట్టగలిగేంత చల్లగా ఉన్నచోట కూడా, లోపల అన్నం ఉడికించగలిగేంత వేడి ఉంది. నీళ్లకు గడ్డకట్టిన పెంకు కింద, సగం కాలిన ఊక నెమ్మదిగా కాలుతూనే ఉందన్నమాట. ఆ అంకెలు ఒక్కొక్కటీ రెండుసార్లు చూసి రాసుకున్నాను.

మరుసటి చలికాలం నేను ఆమె ఊరికి వెళ్లాను. శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు పాస్‌పోర్టు ఉందో లేదో పదే పదే తడుముకున్నాను. అక్కడ మధ్యాహ్నానికే చీకటి పడేది. కొలిమి గదిలో ఒంటరిగా పనిచేస్తుంటే ఎక్కడో అలారం మోగినా పని వదిలి తలుపు దాకా పరిగెత్తేదాన్ని. మొదటి నెలంతా ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నానని అబద్ధం చెప్పాను. "నీ గొంతు ఇంటే తెలుస్తలేదా?" అనేవాడు మా ఆయన. ఇంకేమీ అడగకుండా ఆ రోజు కూర ఏం వండాడో చెప్పేవాడు.

ఒక ఆదివారం ఆమె నన్ను ఊరి చివరి చెరువుకు తీసుకుపోయింది. అది పూర్తిగా గడ్డకట్టి, మీద మంచు పరుచుకుని, ఒడ్డుకూ నీటికీ తేడా తెలియకుండా ఉంది. పిల్లలు దాని మీద ఆడుకుంటున్నారు. ఆమె చేతి బర్మాతో రంధ్రం వేసి, మంచుగడ్డ ఎంత మందంగా ఉందో నాకు చూపించింది. జానెడు కంటే ఎక్కువే ఉంది. "కారు ఎక్కినా విరగదు. రా" అని చెయ్యి చాపింది.

నేను వెళ్లలేదు. లెక్క తెలుసు, చూశాను, నమ్మాను. అయినా కాలు లేవలేదు.

ఆమె రెండోసారి పిలవలేదు. తనొక్కతే, కుడికాలు కొంచెం ఈడుస్తూ, చెరువు మధ్యదాకా నడిచి వెనక్కు వచ్చింది. వచ్చేదాకా నేను ఆమె పాదాల మీద నుంచి చూపు తిప్పలేదు. గట్టెక్కాక ఫ్లాస్కు తీసి కాఫీ పోసింది. ఇద్దరం ఒడ్డునే నిలబడి తాగాం.

మేమిద్దరం రాసిన వ్యాసం అచ్చయింది. మిర్యాలగూడలో కొన్ని మిల్లులు బూడిద జాగా చుట్టూ కంచె వేయించాయి. కొన్ని ఇంకా వేయలేదు. వేయని చోట్లకు నేనే వెళ్లి మాట్లాడి వస్తుంటాను. ఆమె పిక్క మీద మచ్చ ఉండిపోయింది, చలి ఎక్కువైతే గుంజుతుందట. నా అరచేతుల్లో రెండు వేళ్ల కింద చర్మం నున్నగా అయిపోయింది, సుద్దముక్క జారుతుంది.

ఈ మధ్య మా విభాగంలో ఒక జూనియర్ లెక్చరర్ ఇటువంటి గ్రాంటుకే పెట్టింది. ఇంటర్వ్యూ ముందురోజు నా దగ్గరికి వచ్చి, "భయమైతుంది మేడమ్. మీరు ఈడోసారి, ఆడికి పోయినప్పుడోసారి తట్టుకున్నరు గద, భయం ఎట్ల పోయిందో చెప్పుండ్రి" అంది.

"పోలేదు" అన్నాను.

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. నేను హాస్యమాడటం లేదని అర్థమైనట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంటర్వ్యూలో అడుగుతారనుకుని తను రాసుకొచ్చిన ప్రశ్నలు తీసింది. కాలేజీ బస్సు వెళ్లిపోయేదాకా ఇద్దరం వాటికి జవాబులు చెప్పుకుంటూ కూర్చున్నాం.